ఇంటి బ్రాడ్‌బ్యాండ్ రౌటర్: అమరిక చరిత్ర

ఇంటికి వచ్చే ఒక్క ఇంటర్నెట్ కనెక్షన్‌ను ఇంట్లోని ఫోన్లకూ, కంప్యూటర్లకూ, టీవీలకూ పంచిపెట్టే పరికరం ఇంటి బ్రాడ్‌బ్యాండ్ రౌటర్. పైకి ఒకటే డబ్బా. లోపల మాత్రం బయటి లైనుతో మాట్లాడే మోడెమ్, సమాచారానికి దారి చూపే రౌటర్, తీగలు కలిపే స్విచ్, వైఫై, రాకపోకలకు కాపలా కాసే ఫైర్‌వాల్ ఉంటాయి. ఇవన్నీ వేర్వేరు కాలాల్లో, వేర్వేరు అవసరాల కోసం పుట్టి చివరికి ఒక్కచోట చేరాయి. సెట్టింగ్స్ పేజీ తెరిస్తే ఆ పుట్టుకలు ఇప్పటికీ కనబడతాయి. యూజర్‌నేమ్ అడిగే గడి ఒక కాలానిది, 192.168 అంకెలు ఇంకో కాలానివి, వైఫై పాస్‌వర్డ్ కింద ఉండే డబ్ల్యూపీఏ2 మరో కాలానిది. ఆ పేజీ తాళం మొదట ఇంజినీర్ల దగ్గర ఉండేది. తర్వాత ఇంటివాళ్ల చేతికొచ్చింది. ఇప్పుడు చాలావరకు కంపెనీల దగ్గర ఉంది. ఇంటి రౌటర్ చరిత్రలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఈ చేతులు మారడమే.

ప్రయోగశాలల కాలం

1969లో అమెరికాలో ఆర్పానెట్ మొదలైనప్పుడు ఒక్కో కేంద్రానికి ఒక్కో నిలువెత్తు పెట్టె పంపారు. బీబీఎన్ సంస్థ హనీవెల్ డీడీపీ-516 కంప్యూటర్ ఆధారంగా దాన్ని తయారుచేసింది. మొదటిది లాస్ ఏంజలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో దిగింది. సమాచారాన్ని పొట్లాలుగా విడగొట్టి, ఒక్కో పొట్లానికి దారి ఎంచి పంపడం దాని పని. నేటి రౌటర్‌కు మూలపురుషుడు అదే. 1980 దశకం మొదట్లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో విలియం యేగర్ రకరకాల నెట్‌వర్కులను కలిపే రౌటర్ సాఫ్ట్‌వేర్ రాశారు. 1984లో లియొనార్డ్ బోసాక్, శాండీ లెర్నర్ స్థాపించిన సిస్కో, స్టాన్‌ఫర్డ్ నుంచి లైసెన్సు తీసుకుని ఆ దారిలోనే ఎదిగింది. వీటి అమరికంతా నల్లటి తెరమీద ఆదేశాలు టైప్ చేయడమే. అవి ఇళ్ల కోసం చేసినవి కావు.

ఒకే చిరునామా, ఇంటినిండా పరికరాలు

ఇళ్లలోకి రౌటర్ రావడానికి దారి తీసింది వేగం కాదు, చిరునామాల కరువు. ఐపీ నాలుగో రూపంలో ఉన్న చిరునామాలు మొత్తం దాదాపు 429 కోట్లు. 1990 దశకం మొదట్లోనే అవి చాలవని తేలిపోయింది. 1994 మేలో షెల్ ఎగెవాంగ్, పాల్ ఫ్రాన్సిస్ ఆర్ఎఫ్‌సీ 1631 అనే పత్రంలో ఒక ఉపాయం చెప్పారు. దానిపేరు నాట్. ఊరంతటికీ ఒకే ఫోను ఉన్న రోజుల్లో ఆ ఫోనున్న ఇంటాయన ఎవరు ఎక్కడికి కాల్ చేశారో గుర్తుపెట్టుకుని, తిరుగు కబురు వచ్చినప్పుడు ఆ ఇంటికే చేరవేసేవాడు. నాట్ చేసేది సరిగ్గా ఆ పనే. లోపలి పరికరం బయటికి తెరిచే ప్రతి కనెక్షన్‌కూ ఒక పోర్టు నంబరు కేటాయించి పట్టికలో రాసుకుంటుంది. జవాబు రాగానే పట్టిక చూసి సరైన పరికరానికి అందిస్తుంది. పట్టికలో లేనిదాన్ని ఎటు పంపాలో తెలియదు కాబట్టి వదిలేస్తుంది.

లోపలి చిరునామాలకు 1996 ఫిబ్రవరిలో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 1918 మూడు వరసలను విడిగా కేటాయించింది. వాటిలో 192.168తో మొదలయ్యేది ఇళ్లకు దక్కింది. ఆ అంకెలు హైదరాబాద్‌లోనూ, డల్లాస్‌లోనూ, దుబాయ్‌లోనూ లక్షల ఇళ్లలో ఏకకాలంలో ఉంటాయి. బయటికి కనబడవు కాబట్టి తగువు లేదు. పరికరాలకు చిరునామాలను తనంతట తానే పంచే డీహెచ్‌సీపీ 1993లో వచ్చింది. అది లేకపోతే ఇంటికొచ్చిన చుట్టం ఫోనుకు కూడా మనం కూర్చుని అంకెలు ఎక్కించాల్సి వచ్చేది.

అమెరికాలో కేబుల్ ఇంటర్నెట్ కంపెనీలు మొదట్లో ఒక కనెక్షన్‌కు ఒకే కంప్యూటర్ అనేవి. ఆ కంప్యూటర్ నెట్‌వర్క్ కార్డుపై ఉండే మ్యాక్ చిరునామాను నమోదు చేసుకుని, వేరేది తగిలిస్తే లైను ఇచ్చేవి కావు. విక్టర్ త్సావ్, జేనీ త్సావ్ దంపతులు కాలిఫోర్నియాలో స్థాపించిన లింక్సిస్ వంటి సంస్థలు తమ రౌటర్లలో మ్యాక్ క్లోన్ అనే మీట పెట్టాయి. రౌటర్ ఆ పాత కంప్యూటర్ మ్యాక్ చిరునామానే చూపిస్తుంది, కంపెనీకి తేడా తెలియదు. మన ఊళ్లలో కేబుల్ ఆపరేటర్ దగ్గర నెట్ తీసుకున్నవాళ్లు కొత్త రౌటర్ కొన్నప్పుడు "మ్యాక్ మార్చండి" అని ఫోన్ చేయడం ఈ పాత కట్టుబాటు కొనసాగింపే. క్లోన్ మీట ఇప్పటికీ చాలా రౌటర్లలో ఉంది.

మన దేశంలో మొదటి రౌటర్లు

మన దేశంలో 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ప్రజలకు ఇంటర్నెట్ ఇచ్చింది. అప్పట్లో అదంతా డయలప్. నెట్ వాడుతున్నంతసేపూ ఇంటి ఫోను పనిచేయదు, కంప్యూటర్ ఒక్కటే కాబట్టి రౌటర్ అక్కరా లేదు. 2004 అక్టోబరులో వచ్చిన బ్రాడ్‌బ్యాండ్ విధానం కనీస వేగాన్ని 256 కేబీపీఎస్‌గా నిర్ణయించింది. 2005 జనవరిలో బీఎస్ఎన్ఎల్ డేటావన్ మొదలైంది. ఇళ్లలో ఉన్న ల్యాండ్‌లైన్ రాగితీగ మీదే, మాటకు వాడే తరంగాలకు పైన ఉన్న తరంగాల్లో డేటా పంపే ఏడీఎస్ఎల్ పద్ధతి అది. తెలుగునాట మధ్యతరగతి ఇళ్లలో చాలామంది మొదటిసారి చూసిన రౌటర్ ఈ ఏడీఎస్ఎల్ మోడెమే.

దాని అమరిక ఒక తతంగం. గోడ నుంచి వచ్చిన ఫోను తీగ ముందు స్ప్లిటర్‌లోకి వెళ్లాలి. అక్కడ రెండుగా చీలి ఒకటి ఫోనుకు, ఒకటి మోడెమ్‌కు. స్ప్లిటర్ పెట్టకుండా ఫోను తగిలిస్తే మాటల్లో గరగర వచ్చేది, ఫోను మోగినప్పుడల్లా నెట్ తెగేది. ఏడీఎస్ఎల్ లైటు కాసేపు మిణుకుమిణుకుమని, ఎక్స్ఛేంజితో లంకె కుదిరాక నిలకడగా వెలగాలి. అప్పుడు కంప్యూటర్‌లో బ్రౌజర్ తెరిచి 192.168.1.1 కొడితే యూజర్‌నేమ్ అడ్మిన్, పాస్‌వర్డ్ అడ్మిన్. లోపల వీపీఐ దగ్గర 0, వీసీఐ దగ్గర 35 వేయాలి. ఈ రెండంకెలు ఏటీఎం అనే పాత టెలికం పద్ధతిలో లైను గుర్తులు. ఫోను ఎక్స్ఛేంజిల వెన్నెముకగా ఆ పద్ధతి వెలిగిన రోజుల నుంచి నేరుగా ఇంటి మోడెమ్‌లోకి వచ్చాయి. ఇంజినీరింగ్ చదవని లక్షలమంది ఆ 0, 35లను కంఠస్థం చేశారు.

ఆ తర్వాత బ్రిడ్జా, పీపీపీఓఈనా అన్న ఎంపిక. పీపీపీఓఈ 1999లో ప్రామాణికమైంది. డయలప్‌లో యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ చూసి బిల్లు వేసే ఏర్పాటును కంపెనీలు అలాగే బ్రాడ్‌బ్యాండ్‌కు తెచ్చుకోవడానికి పుట్టిన పద్ధతి ఇది. బ్రిడ్జ్ పెడితే మోడెమ్ ఊరికే తీగను దాటిస్తుంది, నెట్ కావలసినప్పుడల్లా కంప్యూటర్‌లో డయలర్ నొక్కాలి. పీపీపీఓఈ పెడితే మోడెమే లాగిన్ అయి రోజంతా లైనులో ఉంటుంది, ఇంట్లో రెండో కంప్యూటర్‌కూ పంచుతుంది. నాటి ప్లాన్లలో నెలకు కొద్ది జీబీలే ఉచితం, దాటితే ఎంబీ లెక్కన బిల్లు. ఒక ప్లాన్‌లో రాత్రి 2 నుంచి ఉదయం 8 దాకా ఎంత వాడినా లెక్క లేదు. అందుకే చాలామంది బ్రిడ్జ్ మోడ్‌నే నమ్ముకుని, అలారం పెట్టుకుని లేచి డౌన్‌లోడ్లు మొదలెట్టి, తెల్లారగానే ఆపేవారు. సెట్టింగ్స్ పేజీలో ఒక్క మీట నెల బిల్లును తారుమారు చేసే రోజులవి. ఆ పట్టింపు వల్లే ఆ తరం వినియోగదారులు రౌటర్‌ను నేర్చుకున్నారు. తర్వాతి తరానికి ఆ అవసరం రాలేదు.

వైఫై, తాళాలు

తీగలేని నెట్‌వర్క్ ప్రమాణం 802.11 1997లో వచ్చింది, వేగం 2 ఎంబీపీఎస్. 1999లో 11 ఎంబీపీఎస్ ఇచ్చే 802.11బీ వచ్చింది. అదే ఏడాది జూలైలో ఆపిల్ ఐబుక్‌తో పాటు 299 డాలర్ల ఎయిర్‌పోర్ట్ బేస్ స్టేషన్ విడుదల చేసింది. 2002 చివర లింక్సిస్ తెచ్చిన డబ్ల్యూఆర్‌టీ54జీ ఇంటి రౌటర్‌కు ఒక రూపాన్ని స్థిరపరచింది. రెండు యాంటెన్నాలు, వెనక నాలుగు తీగల సాకెట్లు, బ్రౌజర్‌లో సెట్టింగ్స్. అందులో లినక్స్ ఉందని బయటపడ్డాక, లైసెన్సు ప్రకారం సోర్స్‌కోడ్ బయటపెట్టాల్సి వచ్చింది. దాన్నుంచే 2004లో ఎవరైనా మార్చి వేసుకోగల రౌటర్ సాఫ్ట్‌వేర్ ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ పుట్టింది. కొన్న డబ్బామీద కొన్నవాడికి పూర్తి హక్కు దొరికిన ఘట్టం అది. ఈ చరిత్రలో దానికి దక్కాల్సినంత పేరు దక్కలేదు.

మొదటి వైఫై తాళమైన వెప్‌ను 2001లో ఫ్లూరర్, మాంటిన్, షమీర్ అనే ముగ్గురు పరిశోధకుల విశ్లేషణ బద్దలుకొట్టింది. దాని బదులు 2003లో డబ్ల్యూపీఏ, 2004లో డబ్ల్యూపీఏ2, 2018లో డబ్ల్యూపీఏ3 వచ్చాయి. మీట నొక్కగానే ఫోను కలిసే డబ్ల్యూపీఎస్ సౌకర్యంలోనూ లోపముందని 2011 డిసెంబరులో తేలింది. ఎనిమిదంకెల పిన్‌ను రౌటర్ రెండు ముక్కలుగా సరిచూస్తుంది కాబట్టి, కోటి ప్రయత్నాలు పట్టాల్సినచోట 11,000 చాలు. ఆ పిన్ సౌకర్యాన్ని ఆపేయడమే మేలు.

మన దేశంలో ఈ తాళం విషయం పోలీసుల దాకా వెళ్లింది. 2008 జూలై 26న అహ్మదాబాద్ పేలుళ్లకు కొద్ది నిమిషాల ముందు వచ్చిన ఈమెయిల్, నవీ ముంబైలో పాస్‌వర్డ్ లేని ఒక ఇంటి వైఫై నుంచి వెళ్లిందని తేలింది. వైఫైని భద్రంగా వాడాలంటూ 2009లో టెలికం శాఖ ఆదేశాలిచ్చింది. అంతకుముందు పక్కింటివాళ్లకు నెట్ వదిలేయడం మంచితనం కింద లెక్క.

పైన చెప్పిన అడ్మిన్, అడ్మిన్ మాత్రం చాలాకాలం మారలేదు. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ కంపెనీలు ముందుగా పెట్టి పంపే అరవై చిల్లర యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ జంటలతోనే కెమెరాలను, రౌటర్లను లక్షల్లో లొంగదీసుకుంది. 2017 జూలైలో బీఎస్ఎన్ఎల్ కర్ణాటక సర్కిల్‌లో వేల మోడెమ్‌లు మాల్‌వేర్ బారినపడి ఆగిపోయాయి. కారణం మార్చని పాస్‌వర్డే. అందరికీ ఒకే పాస్‌వర్డ్ పెట్టి అమ్మడాన్ని 2020 జనవరి నుంచి కాలిఫోర్నియా, 2024 ఏప్రిల్ నుంచి బ్రిటన్ చట్టంతో ఆపాయి. ఇప్పుడు డబ్బా అడుగున అంటించే చీటీ మీద ఒక్కో రౌటర్‌కు ఒక్కో పాస్‌వర్డ్ అచ్చువేయడానికి ఇదీ ఒక కారణం. తప్పు కొన్నవాళ్లదని ఇరవై ఏళ్లు అన్నారు. నిజానికి అది తయారీదారులది.

ఫైబర్ వచ్చాక

2016 డిసెంబరు 29న నాటి తూర్పు గోదావరి జిల్లా మోరిలో ఆంధ్రప్రదేశ్ ఫైబర్ గ్రిడ్ మొదలైంది. మరుసటి ఏడాది డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ రాష్ట్రవ్యాప్త సేవను ప్రారంభించారు. కరెంటు స్తంభాల మీదుగా కేబుల్ లాగి, టీవీ, ఫోను, ఇంటర్నెట్ మూడూ నెలకు 149 రూపాయలకు ఇచ్చిన పథకం అది. అంతకుముందే హైదరాబాద్‌లో బీమ్, దాన్ని కలుపుకున్న యాక్ట్ సంస్థలు అపార్ట్‌మెంట్ మెట్లపక్కన స్విచ్చులు పెట్టి ఇళ్లకు ఈథర్నెట్ తీగ లాగేవి. 2017లో యాక్ట్ అక్కడ సెకనుకు ఒక గిగాబిట్ ప్లాన్ తెచ్చింది.

ఫైబర్‌తో మోడెమ్ స్థానంలో, కాంతి సంకేతాలను అందుకునే ఓఎన్‌టీ అనే డబ్బా వచ్చింది. జీపాన్ పద్ధతిలో ఒకే ఫైబర్‌ను స్ప్లిటర్లతో అనేక ఇళ్లకు పంచుతారు. దిగువకు 2.5 గిగాబిట్లు, ఎగువకు 1.25 గిగాబిట్లు అందరూ కలిసి వాడుకుంటారు. టెక్నీషియన్ ఫైబర్ అతికించి పవర్ మీటర్ పెట్టి చూస్తాడు. అందే కాంతి బలం మైనస్ 20 డీబీఎం చుట్టుపక్కల ఉంటే నిశ్చింత, మైనస్ 27 దాటితే లైను నిలవదు. తర్వాత డబ్బా సీరియల్ నంబరును ఆఫీసుకు ఫోన్‌లో చదివి చెబుతాడు. అక్కడ నమోదయ్యాక పాన్ లైటు నిలుస్తుంది. ఫైబర్ ఎక్కడైనా తెగినా, మరీ వంగినా లాస్ అని రాసి ఉన్న చోట ఎర్ర లైటు వెలుగుతుంది. ఇవేవీ ఇంటివాళ్లు సెట్టింగ్స్‌లో సరిదిద్దగలిగేవి కావు.

2004లో వచ్చిన టీఆర్-069 ప్రమాణంతో కంపెనీ తన ఆఫీసు నుంచే రౌటర్‌ను సరిచేయగలదు, సాఫ్ట్‌వేర్ మార్చగలదు. ఫిర్యాదుకు మనిషి రానక్కర లేకపోవడం పెద్ద మేలే. అయితే చాలాచోట్ల ఇంటివాళ్లకిచ్చే లాగిన్‌లో వైఫై పేరు, పాస్‌వర్డ్ తప్ప మిగతా పేజీలు కనబడవు. కిరాయికిచ్చిన డబ్బా కంపెనీదే కావచ్చు. దాని వెనక ఉన్నది మాత్రం ఇంటి నెట్‌వర్క్. సైట్ల పేర్లను చిరునామాలుగా మార్చే డీఎన్ఎస్‌ను మార్చుకునే, బ్రిడ్జ్ మోడ్ పెట్టుకునే వీలు అడిగినవారికి ఇవ్వాలి. అది లేకనే ఓఎన్‌టీ వెనక సొంత రౌటర్ తగిలించి, నాట్ మీద నాట్ పడి ఇబ్బందిపడేవాళ్లు కనిపిస్తారు. ఆ రెండో రౌటర్‌ను నాట్ చేయకుండా వైఫై మాత్రమే ఇచ్చే యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెడితే చిక్కు తీరుతుంది.

ఐపీ నాలుగో రూపం చిరునామాల కేంద్ర నిల్వ 2011 ఫిబ్రవరి 3న అయిపోయింది. అందుకే చాలా కంపెనీలు వందల ఇళ్లను ఒకే బయటి చిరునామా వెనక ఉంచుతున్నాయి. ఇంట్లోని కెమెరాను బయటి నుంచి చూడాలని పోర్టు ఫార్వర్డింగ్ పెట్టినా పనిచేయకపోవడానికి తరచుగా ఇదే కారణం. సెట్టింగ్స్‌లో వ్యాన్, అంటే బయటివైపు చిరునామా 100.64 నుంచి 100.127 లోపు ఉంటే ఆ సంగతి ఖాయం. దీనికి విరుగుడు ఐపీ ఆరో రూపం. అందులో ప్రతి పరికరానికీ సొంత బయటి చిరునామా ఉంటుంది, నాట్ అక్కర్లేదు. నాట్ పట్టిక అనుకోకుండా ఇచ్చిన కాపలా కూడా ఉండదు కాబట్టి, ఐపీవీ6 పేజీలో ఫైర్‌వాల్ ఆన్‌లో ఉందో లేదో విడిగా చూసుకోవాలి.