పోలిక సంకేతాల అర్థపరిణామం: రికార్డ్ నుంచి సి భాష వరకు

గణితంలో సమాన సంకేతం వాక్యంలోని క్రియ వంటిది. అది రెండు పక్షాల తుల్యతను ప్రకటిస్తుంది, దేనినీ మార్చదు. కంప్యూటర్ భాషలలో ఈ అర్థం చీలిపోయింది.

వెల్ష్ వైద్యుడు రాబర్ట్ రికార్డ్ 1557లో వెలువరించిన ‘ది వెట్‌స్టోన్ ఆఫ్ విట్’ గ్రంథంలో, సమానమనే మాటను పదేపదే రాసే శ్రమను తప్పించుకోవడానికి ఒకే పొడవు గల రెండు సమాంతర రేఖలను వాడాడు. వాటికి మించి సమానమైనవి మరి రెండు ఉండవన్నది ఆయన చూపిన కారణం. అయినా ఆ గుర్తుకు వెంటనే ఆమోదం లభించలేదు. 1637లో డెకార్ట్ తన జ్యామితిలో వేరొక గుర్తునే వాడాడు. (పృథూదకస్వామి వంటి భారతీయ వ్యాఖ్యాతలకు గుర్తే అక్కరలేకపోయింది. ఒక పక్షం కింద మరొక పక్షాన్ని రాసేవారు. ఆ అమరికే సమానతను తెలిపేది.)

అధిక, అల్ప సంకేతాలు 1631లో థామస్ హారియట్ బీజగణిత గ్రంథంలో అచ్చయ్యాయి. అప్పటికి ఆయన మరణించి పదేళ్లయింది. ఆయన రాతప్రతులలోని ఆకృతులు అచ్చులోని కోణాకృతులతో సరిపోలవు. కనుక నేటి రూపానికి కర్తృత్వాన్ని హారియట్ ఒక్కరికే ఆపాదించడం సమంజసం కాదు.

1957 నాటి ఫోర్ట్రాన్ కథ మరింత ఆసక్తికరం. అందులో పోలిక సంకేతాలు లేవు. రెండు విలువలను పోల్చాలంటే ఒకదానిలోనుంచి మరొకదానిని తీసివేసి, ఫలితం రుణమా, శూన్యమా, ధనమా అన్నదాన్నిబట్టి మూడు దారులలో ఒకదానికి మళ్లవలసిందే. ఆ తరువాతి ఫోర్ట్రాన్ 4లో పోలికలు వచ్చినా, కార్డులపై రంధ్రాలు వేసే యంత్రాల అక్షరసమితిలో ఆ కోణాకృతులు లేనందున ‘ఎల్.టి.’, ‘జి.టి.’ వంటి పొడి అక్షరాలను చుక్కల నడుమ రాశారు. సంకేతాన్ని నిర్ణయించింది గణితజ్ఞుడి అభిరుచి కాదు, యంత్రపు కీబోర్డు.

ఇదే ఫోర్ట్రాన్‌లో సమాన సంకేతం ఆజ్ఞగా మారింది. ‘న = న + 1’ బీజగణితంలో అసంభవం; ప్రోగ్రామ్‌లో నిత్యకృత్యం. ఈ వైరుధ్యాన్ని ఆల్గాల్ 60 అంగీకరించలేదు. విలువ నిక్షేపానికి ‘:=’ను కేటాయించి, ‘=’ను పోలికకే మిగిల్చింది. కెన్ థాంప్సన్ రూపొందించిన బి భాష, దాని వెంట సి భాష తిరిగి ఒంటి గుర్తును నిక్షేపానికి ఇచ్చి, పోలికకు ‘==’ను ఉంచాయి. తరచుగా వాడేదానికి పొట్టి గుర్తు ఉండాలన్న ఆ వాదం టైపు చేసేవారికి మేలు చేసింది, చదివేవారికి కాదు. సి భాషలో షరతు లోపల ఒక గుర్తు జారిపోతే ప్రశ్న ఆజ్ఞగా మారుతుంది. అయినా ప్రోగ్రామ్ చెల్లుబాటవుతుంది. నేటి కంపైలర్లు చాలావరకు దీనిపై హెచ్చరిస్తాయి. షరతులో ఒంటి గుర్తును అనుమతించని పైథాన్, 2019లో వచ్చిన 3.8 రూపంలో, వ్యక్తీకరణ లోపలి నిక్షేపానికి ఆల్గాల్ వాడిన ‘:=’నే ఎంచుకుంది.