కరవు కూలి పట్టిక నుంచి వాతావరణ పద్దు వరకు

1877 జనవరిలో కరవు ప్రతినిధిగా మద్రాసు రాజధానికి వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్, సహాయక పనుల కూలిని తగ్గిస్తూ కొత్త రేటు అమలుపరిచాడు. పురుషునికి రోజుకు ఒక పౌను ధాన్యం, దానిపై ఒక అణా. స్త్రీకి, పనిచేయగల పిల్లలకు అంతకంటె తక్కువ. తెలుగు పంచాంగం ప్రకారం అది ధాత సంవత్సరం. బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలను పీడించిన ఆ క్షామం ప్రజల నోట ధాత కరవుగానే నిలిచిపోయింది. మూడేళ్ళ క్రితం బీహారు కరవులో బర్మా బియ్యం తెప్పించి ప్రాణాలు కాపాడిన టెంపుల్, అప్పుడు దుబారా చేశాడన్న నింద మోశాడు. ఈసారి పొదుపరి అనిపించుకోదలచాడు.

మద్రాసు పారిశుద్ధ్య కమిషనర్ డాక్టర్ కార్నిష్ ఈ రేటును తీవ్రంగా వ్యతిరేకించాడు. శ్రమించే దేహానికి ఒకటిన్నర పౌను ధాన్యం, పప్పు, కూరగాయలు లేనిదే నిలకడ ఉండదని ఆయన వాదం. తరువాత కూలిని కొంత పెంచారు. ఆ వివాదం ప్రధానంగా మట్టి తవ్వే మనిషికి ఎంత తిండి కావాలన్నదానిపైనే నడిచింది. పని ముగిశాక ఎండిన చెరువు దాటి నీటికి పోవడం, వంటచెరకు ఏరుకొచ్చి ఆ ధాన్యాన్ని వండి పెట్టడం ఏ పట్టికలోనూ చోటుచేసుకోలేదు. సర్కారు లెక్కలో స్త్రీకి ఒక గడి ఉన్నమాట నిజమే. అయితే ఆ గడి ఆమె అవసరాన్ని కొలిచినది కాదు. పురుషుని కూలిలోంచి కొంత తీసివేయగా మిగిలినది మాత్రమే.

సర్ రిచర్డ్ స్ట్రాచీ అధ్యక్షతన ఏర్పడిన కరవు కమిషన్ 1880లో నివేదిక సమర్పించింది. దాని ఫలితంగా 1883 నుంచి కరవు నియమావళులు వచ్చాయి. పనులు ఎప్పుడు తెరవాలి, ఎవరిని ఏ తరగతిలో చేర్చాలి, ఎవరికి ఎంత ఇవ్వాలి అన్నవి లిఖితపూర్వకమయ్యాయి. గోషా స్త్రీలకు ఇంటివద్దనే సాయం అందించే ఏర్పాటు కూడ వాటిలో కలదు. పరిపాలనా చరిత్రలో ఇది గొప్ప ముందడుగే అయినా, స్త్రీకి తక్కువ కూలి అన్న సూత్రం మాత్రం కదలలేదు.

ఇక్కడ ఒక విశేషం చెప్పుకోవాలి. పందొమ్మిదో శతాబ్దపు భారతీయ కరవులలో పురుషుల మరణాల రేటే స్త్రీల కంటె ఎక్కువగా పెరిగిందని జనాభా చరిత్రకారులు గుర్తించారు. ఆపదలన్నిటిలోనూ స్త్రీలే ముందు నశిస్తారన్న సాధారణ భావానికి ఇది విరుద్ధం. కరవు ఒక తీరున, ఉప్పెన మరొక తీరున చంపుతాయి. అందుచేతనే లెక్క కట్టకుండా జాలితో మాత్రమే వేసిన అంచనాలు తరచు తప్పుతాయి.

స్వాతంత్ర్యానంతరం ఈ కథ మలుపు తిరిగింది మహారాష్ట్రలో. 1970-73 కరవు కాలంలో రాష్ట్ర ప్రభుత్వం ఉపాధి హామీ పథకాన్ని విస్తృతంగా చేపట్టింది. 1977లో దానికి చట్టరూపం వచ్చింది. 1979 జనవరి 26 నుంచి అమలులోకి వచ్చింది. పట్టణాలలో వసూలయ్యే వృత్తిపన్ను దానికి ముఖ్యాధారం. చేసిన పనిని బట్టి కూలి లెక్కించడం వల్ల ఆడ, మగ రేట్ల తేడాకు ఆధారం పోయింది. పనిచోట చంటిబిడ్డలకు నీడ, తాగునీరు సమకూర్చడం నియమాలలో చేరింది. ఊరికి దగ్గరలో పని దొరకడంతో స్త్రీలు పెద్ద సంఖ్యలో వచ్చారు. పసిబిడ్డను చూసే మనిషికి ఇచ్చే కూలి మొత్తం వ్యయంలో స్వల్పాంశమే. కాని అంచనాలో ఆ చిన్న పద్దు లేకపోతే తల్లి పనికి రాలేదు.

అదే దశకంలో, 1974లో, స్త్రీల స్థితిగతులపై నియమించిన సంఘం ‘సమానత్వం వైపు’ అన్న నివేదికను వెలువరించింది. ఫూల్‌రేణు గుహ అధ్యక్షురాలు, వీణా మజుందార్ సభ్య కార్యదర్శి. 1976లో సమాన వేతన చట్టం వచ్చింది. ఆరవ ప్రణాళిక (1980-85)లో స్త్రీల అభివృద్ధికి తొలిసారిగా ప్రత్యేక అధ్యాయం కేటాయించారు. తొమ్మిదవ ప్రణాళిక (1997-2002) స్త్రీలకు సంబంధించిన రంగాలన్నిటిలో కనీసం 30 శాతం నిధులు, ప్రయోజనాలు వారికి చేరాలని నిర్దేశించింది. చివరకు 2005-06 కేంద్ర బడ్జెట్‌తో పాటు జెండర్ బడ్జెట్ ప్రకటన వెలువడింది. పూర్తిగా స్త్రీలకే ఉద్దేశించినవి మొదటి భాగంలో, కనీసం 30 శాతం వారికి చెందేవి రెండవ భాగంలో చూపారు. తరువాతి కాలంలో 30 శాతం లోపు వాటికి మూడవ భాగం చేర్చారు. 2025-26లో ఈ ప్రకటన మొత్తం 4.49 లక్షల కోట్ల రూపాయలు, అనగా కేంద్ర బడ్జెట్‌లో 8.86 శాతం.

అంకె పెరగడం సంతోషకరమే గాని, ఏ పథకాన్ని ఏ భాగంలో చూపుతున్నారన్నది జాగ్రత్తగా చూడాలి. గ్రామీణ గృహనిర్మాణ వ్యయం యావత్తూ మొదటి భాగంలో కనిపించిన సంవత్సరాలున్నాయి. ఇంటి పత్రంలో భర్త పేరు కూడా ఉన్నచోట అది ఎంతవరకు స్త్రీల పద్దు అవుతుందని పరిశీలకులు ప్రశ్నించారు. ఆ ప్రశ్న సమంజసమైనదే.

మహారాష్ట్ర అనుభవం దేశానికంతకూ విస్తరించింది 2005 ఉపాధి హామీ చట్టంతో. ధాత కరవు చూసిన సీమలోనే, అనంతపురం జిల్లా బండ్లపల్లిలో, 2006 ఫిబ్రవరి 2న దానికి శ్రీకారం చుట్టారు. పని పొందేవారిలో కనీసం మూడోవంతు స్త్రీలుండాలని, పనిచోట ఆరేళ్ళలోపు పిల్లలు ఐదుగురు చేరితే వారిని చూసేందుకు ఒకరిని నియమించాలని ఆ చట్టం విధించింది. చెరువుల పూడికతీత, నీటి నిల్వ గుంటలు, కరవు నివారణ పనులు దానిలో ముఖ్యమైనవి. నేటి పరిభాషలో ఇవన్నీ వాతావరణ మార్పును తట్టుకునే పనులే. స్త్రీల వాటా దేశంలో సగాన్ని మించిపోయింది. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆ చట్టం స్థానంలో వేరొకదాన్ని ఆమోదించింది.

ఇక సముద్రతీరం సంగతి. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో పదివేల మందికి పైగా మరణించారు. తరువాత కోస్తా గ్రామాలలో ఎత్తైన తుపాను ఆశ్రయ భవనాలు లేచాయి. భవనం కట్టినంత మాత్రాన అందరూ అందులోకి రారన్న చేదు నిజం బంగ్లాదేశ్‌లో బయటపడింది. 1991 ఏప్రిల్ 29 తుపానులో అక్కడ సుమారు 1,38,000 మంది చనిపోయారు. 20-44 ఏళ్ళ వయసు స్త్రీలలో వెయ్యికి 71 మంది, అదే వయసు పురుషులలో 15 మంది మరణించినట్లు తరచు ఉదహరించే లెక్క. హెచ్చరికలు బజారులలో, మగవారు కూడేచోట వినిపించాయి. ఇంటాయన వచ్చేదాకా ఇల్లు విడవరాదన్న కట్టుబాటు, చంకలో బిడ్డ, నీటిలో కాళ్ళకు చుట్టుకునే చీర స్త్రీలను ఆపాయి. ఆశ్రయంలో వేరే గది, వేరే మరుగుదొడ్డి లేవన్న జంకు కూడ ఒక కారణం. అటుపిమ్మట ప్రత్యేక గదులు, స్త్రీ స్వచ్ఛంద సేవకులు వచ్చారు. 2007 నవంబరు సిద్ర్ తుపానులో మృతులు కొన్ని వేలకే పరిమితమయ్యారు. స్త్రీ పురుషుల మరణాల మధ్య అంతరం కూడ తగ్గింది. తీరం పొడవునా జరిగిన మార్పులో మరుగుదొడ్డికి ఒక తలుపు, స్త్రీల చేతికి ఒక మైకు కూడ భాగమే. ఇంజనీరింగు అంచనాలలో వీటి ఖరీదు ఎంతని!

బంగ్లాదేశ్ 2009-10లో నాలుగు మంత్రిత్వ శాఖలతో జెండర్ బడ్జెట్ నివేదిక ప్రారంభించింది. 2017-18లో ఆరు శాఖలతో వాతావరణ బడ్జెట్ నివేదికను ప్రచురించింది. నేపాల్ 2007-08లో మొదటిదాన్ని, 2012-13లో వాతావరణ పద్దు గుర్తింపు సంకేతాలను చేపట్టింది. భారతదేశంలో ఒడిశా 2020-21లో వాతావరణ బడ్జెట్ తెచ్చింది. పదివేల ప్రాణాలు బలిగొన్న 1999 అక్టోబరు తుపాను అనుభవం ఆ రాష్ట్రానికి ఉన్నది.

2008 జూన్ 30న కేంద్రం ప్రకటించిన జాతీయ వాతావరణ కార్యాచరణ ప్రణాళిక ఎనిమిది మిషన్లను పేర్కొన్నది. నీటి కొరత, అటవీ వనరుల క్షీణత స్త్రీలపై ఎక్కువ భారం మోపుతాయని ఆ పత్రమే అంగీకరించింది. అయితే 2010లో ఆరంభమైన సౌరశక్తి మిషన్ లక్ష్యం 2022 నాటికి 20,000 మెగావాట్లు. 2015లో దాన్ని లక్ష మెగావాట్లకు పెంచారు. లక్ష్యాన్ని మెగావాట్లలో కొలిచినచోట, పొగ మానిన వంటిళ్ళెన్ని, నీటికి నడిచే దూరం ఎంత తగ్గింది అన్న గడులు కానరావు. జెండర్ ప్రకటనలోనేమో పథకం పేరు, మొత్తం ఉంటాయి. కరవుకో, ఉప్పెనకో దానితో ఉన్న సంబంధం ఉండదు. ఒకే చెరువు పని ఒక దస్త్రంలో నీటి నిల్వగా, మరొక దస్త్రంలో స్త్రీల ఉపాధిగా నమోదవుతుంది. ఆ చెరువు నిండిన ఏడాది ఎన్ని బిందెల నడక తప్పిందన్నది రెంటిలోనూ లేదు. 1877 నాటి కూలి పట్టికలోనూ అదే లేదు.