అమ్మ సంతకం

1902లో న్యూయార్క్ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం ముందుకు ఒక గోధుమపిండి ప్రకటన వచ్చింది. రోచెస్టర్‌కి చెందిన ఆబిగెయిల్ రాబర్సన్ అనే అమ్మాయి బొమ్మను ఆమెకు తెలియకుండానే 25,000 పోస్టర్ల మీద అచ్చువేసి దుకాణాల్లో, గిడ్డంగుల్లో, సారా కొట్లలో అంటించారు. తెలిసినవాళ్లు గుర్తుపట్టి ఎగతాళి చేశారనీ, అవమానంతో మంచం పట్టాననీ ఆమె చెప్పుకుంది. మైనరు కాబట్టి సంరక్షకుల ద్వారా కేసు వేసింది. నలుగురు న్యాయమూర్తులు ఒకవైపు, ముగ్గురు ఇంకోవైపు. ఆమె ఓడిపోయింది. ఆ బొమ్మను ఎంచుకోవడంలోనే అందానికి మెచ్చుకోలు ఉందనీ, ఇంకొకరైతే సంతోషించేవారనీ తీర్పులో రాశారు. ఈ మాట మనకి కొత్తేమీ కాదు, వీధుల్లో వింటూనే ఉంటాం.

ఆ తీర్పు మీద జనం మండిపడ్డారు. 1903లో శాసనసభ చట్టం చేసింది. వ్యాపారానికో ప్రకటనకో ఒకరి పేరుగానీ బొమ్మగానీ వాడుకోవాలంటే వారి రాతపూర్వక అంగీకారం ఉండాలి. మైనరైతే తల్లో తండ్రో సంరక్షకులో ఇవ్వాలి. ఒక ఆడపిల్ల ఓటమిలోంచి పుట్టిన చట్టం ఇది. మైనర్ల గురించిన ఆ చిన్న ముక్కే 80 ఏళ్ల తర్వాత ఇంకో ఆడపిల్లను ఓడించింది.

1975లో పదేళ్ల బ్రూక్ షీల్డ్స్‌ను గ్యారీ గ్రాస్ అనే ఫోటోగ్రాఫర్ స్నానాల తొట్టిలో నగ్నంగా ఫోటోలు తీశాడు. అచ్చువేసింది ప్లేబాయ్ ప్రెస్. ఇచ్చింది 450 డాలర్లు. ఫోటోల్ని ఎలాగైనా వాడుకోవచ్చని తల్లి సంతకం పెట్టింది. అవి ఒక ఫ్రెంచి పత్రికలో మళ్లీ కనిపించాక, 1981లో బ్రూక్ కోర్టుకెక్కింది. ఇప్పటి నేను అవి కాదు, నాకు సిగ్గుగా ఉంది అన్నది ఆమె వాదన. మైనరుగా చేసుకున్న ఒప్పందాన్ని కాదనే హక్కు పాత న్యాయసూత్రాల్లో ఉంది. 1983లో అదే న్యాయస్థానం, మళ్లీ నలుగురు ముగ్గురుగా చీలి, ఆ హక్కు లేదంది. చట్టం తల్లి అంగీకారం చాలన్నది, తల్లి ఇచ్చింది, ఇక బిడ్డ కాదనడానికి వీల్లేదు. ఆమెకి అప్పటికింకా 18 నిండలేదు.

సాహిత్యం చదువుకున్నదాన్ని కాబట్టి తీర్పుల్లో కూడా పక్కదారి వాక్యాల దగ్గర ఆగుతాను. పిల్లల ఒప్పందాలకు ముందే కోర్టు అనుమతి ఉండాలనే చట్టం ఇక్కడ వర్తించదా అని ఒక ప్రశ్న వచ్చింది. వర్తించదన్నారు. అది నటులకూ గాయకులకూ నాట్యం చేసేవాళ్లకూ క్రీడాకారులకూ మాత్రమేనట. శాసనసభ తెలిసే ప్రదర్శించే పిల్లల్నీ మోడల్ పిల్లల్నీ వేరు చేసిందట. పాడితే, ఆడితే అది పని. ఊరికే నిలబడి చూపులకు దొరికితే పని కాదు! ఇంటిచాకిరీని పని కాదన్న లెక్కకి ఇది తోబుట్టువులా నాకు కనిపిస్తుంది.

ఈ కథ చెప్పగానే అందరూ తల్లిని తిడతారు. టెరీ షీల్డ్స్ ఒంటరిగా బిడ్డను పెంచింది, ఆమె వ్యవహారాలన్నీ తనే చూసింది. ఆమె చేసింది సరైనదని నేననను. కానీ బొమ్మ తీసినవాడు, అచ్చువేసి అమ్మినవాళ్లు, ఆ సంతకాన్ని జీవితాంతపు అనుమతిగా చదివిన న్యాయమూర్తులు తప్పుకుపోయి, నింద మోయడానికి ఆమె ఒక్కతే మిగిలింది. 2009లో లండన్ టేట్ మోడర్న్‌లో రిచర్డ్ ప్రిన్స్ ఆ ఫోటోనే తన కళాఖండంగా పెడితే, పోలీసులు వచ్చాకే తీశారు.

2003లో న్యూయార్క్ బాలనటుల సంపాదనలో 15 శాతం ట్రస్టు ఖాతాలో వేయాలని చట్టం చేసినప్పుడు కూడా మోడళ్లు బయటే ఉండిపోయారు. గీత చెరిగింది 2013లో. మాజీ మోడల్ సారా జిఫ్ అంతకు ముందు ఏడాది స్థాపించిన మోడల్ అలయన్స్ పట్టుబట్టడంతో, 18 ఏళ్ల లోపు మోడళ్లందరూ ప్రదర్శించే పిల్లల కిందికే వచ్చారు. కార్మిక శాఖ పర్మిట్, పనిగంటల హద్దు, ట్రస్టు ఖాతా, చదువు, 16 లోపువాళ్ల వెంట ఒక పెద్ద మనిషి. అంటే నిలబడటం కూడా పనేనని రాజ్యం ఒప్పుకోవడానికి తీర్పు తర్వాత 30 ఏళ్లు పట్టింది.

మన దగ్గర 2016 సవరణ బాలకార్మిక నిషేధాన్ని గట్టిచేస్తూనే సినిమాలకు, సీరియళ్లకు, ప్రకటనలకు తలుపు తెరిచి ఉంచింది. 2017 నియమాల ప్రకారం జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి కావాలి. రోజుకు 5 గంటలు మించకూడదు, 3 గంటలకోసారి విశ్రాంతి, ఆదాయంలో కనీసం 20 శాతం బిడ్డ పేరున ఫిక్స్‌డ్ డిపాజిట్. కాగితం మీద బాగానే ఉంది. అయితే చట్టం దృష్టిలో బాలిక అంటే 14 నిండనిదే. సరిగ్గా పరికిణీ, ఓణీ ప్రకటనలకు గిరాకీ మొదలయ్యే వయసులో అమ్మాయి ఈ నియమం గడప దాటేస్తుంది.

ఒక్క వాక్యం మాత్రం న్యూయార్క్ తీర్పుకు ఎదురుగా నిలుస్తుంది. బిడ్డ ఇష్టానికి వ్యతిరేకంగా పాల్గొనేలా చేయకూడదని మన నియమం చెబుతోంది. తల్లిదండ్రుల అంగీకారం దరఖాస్తుకు జతచేయాలి. బిడ్డ ఇష్టాన్ని ఎవరు అడగాలో, ఎలా అడగాలో, రేపు ఆ ఇష్టం మారితే ఆ బొమ్మలు ఏం కావాలో నియమంలో లేదు.