జెనీవా సరస్సులో గంట: నీటిలో శబ్ద వేగాన్ని కొలిచిన తీరు

నీటిలో శబ్దం ఎంత వేగంగా పోతుందో నమ్మదగినంత కచ్చితంగా మొదట కొలిచింది 1826 నవంబరులో, జెనీవా సరస్సు మీద. కొలిచినవాడు డానియల్ కొలాడన్. జెనీవాలోనే 1802 డిసెంబరులో పుట్టిన అతనికి అప్పటికింకా ఇరవై నాలుగేళ్లు నిండలేదు. ఈ పరిశోధనలో అతని జతగాడు షార్ల్ స్టర్మ్ కూడా ఆ ఊరివాడే, వయసులో ఇంకొంచెం చిన్న.

నిజానికి వాళ్లు బయలుదేరింది శబ్దం కోసం కాదు. ద్రవాలను నొక్కితే ఎంత మేరకు కుంచించుకుపోతాయో కొలిచి చూపినవారికి బహుమతి ఇస్తామని పారిస్‌లోని సైన్స్ అకాడమీ ప్రకటించింది. ఆ ప్రశ్న పాతదే. పదిహేడో శతాబ్దంలో ఫ్లారెన్స్ పండితులు నీటిని ఎంత నొక్కినా తగ్గదనే నిర్ణయానికి వచ్చారు. అది సరి కాదని 1762లో ఇంగ్లండుకు చెందిన జాన్ కాంటన్ చూపించాడు. 1822లో డెన్మార్క్ శాస్త్రవేత్త ఎర్‌స్టెడ్ ఇందుకోసం మెరుగైన పరికరం తయారుచేశాడు. అయినా చిక్కు తీరలేదు. ఒక వాతావరణం మేర పీడనం పెంచితే నీటి ఘనపరిమాణం తగ్గేది లక్షలో ఐదు పాళ్లు మాత్రమే. నీటితోపాటు దాన్ని పట్టి ఉంచిన గాజు పాత్ర కూడా ఒత్తిడికి కొద్దిగా మారుతుంది. కనిపించిన మార్పులో నీటి వాటా ఎంత, గాజు వాటా ఎంత అన్నది విడదీయడమే అసలు పని.

ఇక్కడే శబ్దం అక్కరకొచ్చింది. ద్రవం సాంద్రత, అది కుంచించుకుపోయే గుణం తెలిస్తే అందులో శబ్ద వేగాన్ని లెక్కకట్టవచ్చునని లాప్లాస్ సిద్ధాంతం చెబుతోంది. ప్రయోగశాలలో దొరికిన విలువతో వేగాన్ని లెక్కించి, బయట నిజమైన నీటిలో కొలిచిన వేగంతో పోల్చితే రెండూ కలవాలి. అంటే సరస్సు ప్రయోగం గాజు గొట్టాల లెక్కకు సాక్ష్యం. ఇద్దరూ పారిస్‌లో చేసిన తొలి ప్రయత్నానికి బహుమతి రాలేదు, అకాడమీ అదే విషయాన్ని మళ్లీ పోటీకి పెట్టింది. ఆ వ్యవధిలోనే కొలాడన్ సరస్సు మీద ప్రయోగానికి పూనుకున్నాడు.

నీటిలో శబ్దం వినబడుతుందని అంతకుముందే తెలుసు. ఫ్రాన్స్‌లో నోలే 1740లలో తానే నీట మునిగి విని చూశాడు. మార్సెయ్ దగ్గర సముద్రంలో బ్యూదాన్ సెకనుకు సుమారు 1500 మీటర్లని అంచనా కట్టాడు. దూరం తక్కువైతే కాలం సెకనులో చిన్న భాగానికి పడిపోతుంది, పొరపాటు పెద్దదవుతుంది. కొలాడన్ సరస్సును అడ్డంగా వాడుకున్నాడు. ఉత్తర తీరాన స్విట్జర్లాండులోని రోల్, దక్షిణ తీరాన తొనాన్. ఈ రెండో ఊరు ఇప్పుడు ఫ్రాన్స్‌లో ఉంది, అప్పట్లో సార్డీనియా రాజ్యానిది. మధ్య దూరం 13,487 మీటర్లు.

రోల్ వైపు పడవకు 65 కిలోల గంటను నీటిలోకి వేలాడదీశారు. దాన్ని కొట్టే సుత్తిని ఒక మీటకు తగిలించారు. మీట లాగగానే సుత్తి నీటిలో గంటను తాకుతుంది, అదే క్షణంలో మండుతున్న వత్తి పడవ మీది తుపాకిమందుకు అంటుకుంటుంది. రాత్రి చీకటిలో ఆ మెరుపు అవతలి ఒడ్డువైపుకు కనిపిస్తుంది. వెలుగు ప్రయాణానికి పట్టే కాలం లెక్కలోకి రానంత తక్కువ కాబట్టి మెరుపే గడియారం మొదలుపెట్టే గుర్తు.

వినడం మాత్రం అంత తేలిక కాదు. తల నీటిలో ముంచితే శబ్దం వినిపిస్తుంది గాని మెరుపు కనిపించదు. మెరుపు చూడడానికి మరొకరిని పెడితే ఇద్దరి మధ్య ఆలస్యం చేరుతుంది. కొలాడన్ సుమారు ఐదు మీటర్ల పొడవైన రేకు గొట్టం చేయించాడు. దాని అడుగు వెడల్పుగా, నీరు చొరకుండా మూసి ఉంటుంది, పై కొన చెవికి ఆనుతుంది. దీంతో ఒక్క మనిషే కళ్లతో మెరుపు చూస్తూ, చెవితో గంట వింటూ, చేత్తో గడియారం నొక్కగలిగాడు. మొత్తం ప్రయోగంలో మెచ్చుకోదగ్గ భాగం ఈ గొట్టమే.

వచ్చిన కాలం 9.4 సెకన్లు. నీటి ఉష్ణోగ్రత దాదాపు 8 డిగ్రీల సెల్సియస్. వేగం సెకనుకు 1435 మీటర్లు, గాలిలో వేగానికి నాలుగు రెట్లకు పైమాటే. కాలంలో పదోవంతు సెకను తేడా వస్తే ఫలితం 15 మీటర్లు మారుతుంది. అటువంటప్పుడు, అదే ఉష్ణోగ్రతలో మంచినీటికి ఈనాటి విలువ సుమారు 1439 అని తెలిస్తే ఆ చెవి, ఆ చెయ్యి ఎంత నికార్సయినవో అర్థమవుతుంది. లెక్కించిన వేగమూ దీనికి దగ్గరగానే వచ్చింది.

వేగం కన్నా ఆసక్తికరమైన సంగతులు పక్కదారిలో దొరికాయి. దూరంనుంచి నీటిలో విన్న గంటకు గణగణ ఉండదు. రెండు కత్తి అలుగులు ఒకదానికొకటి తగిలినట్టు పొట్టిగా, పొడిగా వినిపిస్తుందని కొలాడన్ రాశాడు. దగ్గరలో నీటి మీదినుంచి కూడా గంట వినిపించేది, కొన్ని వందల మీటర్లు దాటితే గాలిలో ఏమీ లేదు. బాగా వాలుగా ఉపరితలాన్ని తాకిన శబ్దం బయటికి రాకుండా నీటిలోకే తిరిగిపోతుంది. మధ్యలో గోడ లాంటి అడ్డు వస్తే దాని వెనక శబ్దం బాగా తగ్గిపోయేది. గాలిలో శబ్దం మూల తిరిగి వచ్చినంత సులువుగా నీటిలో ఈ గంట చప్పుడు రాలేదు.

1827లో అకాడమీ బహుమతి, 3000 ఫ్రాంకులు, ఇద్దరికీ దక్కింది. స్టర్మ్ ఆ తర్వాత గణితంవైపు మళ్లాడు. సమీకరణానికి ఒక హద్దులో ఎన్ని వాస్తవ మూలాలున్నాయో లెక్కించే అతని సిద్ధాంతం 1829లో వెలువడింది. కొలాడన్ పారిస్‌లో కొంతకాలం బోధించి జెనీవాకు తిరిగొచ్చాడు. నీటి ధారలో వెలుగు బయటికి పోకుండా వంపు వెంట సాగడాన్ని 1840ల మొదట్లో ప్రదర్శించాడు. ఆల్ప్స్ సొరంగాల తవ్వకానికి ఒత్తిడి గాలి వాడమన్న ఆలోచన ముందుకు తెచ్చినవారిలోనూ అతనున్నాడు. 1841లో మళ్లీ సరస్సు మీదికి వెళ్లి, మరింత పెద్ద గంటతో 35 కిలోమీటర్ల దూరం వరకు శబ్దం విన్నాడు.

నీటి గంటలు ఓడలకు దారి చూపే పనిలోకి దిగింది ఇరవయ్యో శతాబ్దం మొదట్లో. అమెరికాలో 1901లో ఏర్పడిన సబ్‌మరీన్ సిగ్నల్ కంపెనీ ప్రమాదకరమైన తీరాల దగ్గర వాటిని అమర్చింది. పొగమంచులో దీపం కనిపించని చోట ఓడ అడుగుభాగంలోని మైక్రోఫోన్లు ఆ గంటను పట్టుకునేవి. 1914లో ఫెసెండెన్ విద్యుత్ పరికరం నీటిలోకి శబ్దం పంపి మంచుకొండనుంచి తిరిగొచ్చిన ప్రతిధ్వనిని గుర్తించింది, దాంతో గంటల అవసరం క్రమంగా తగ్గిపోయింది.