నాలుగింటికి ముగిసిన వజ్రాల బేరం

హైదరాబాద్ గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌లో మాది కమీషన్ దుకాణం. నాయిన హయాంలో జాంబాగ్‌లో ఉండేది. 2009లో పూల మార్కెట్ ఇటు తరలినప్పుడు మేమూ వచ్చాం. ఇక్కడికి వచ్చాకే ఈ చుట్టుపక్కల చరిత్ర చదవడం మొదలుపెట్టాను. చదివినకొద్దీ ఒక సంగతి మనసులో బలంగా నాటుకుంది. 350 ఏళ్ల కింద మన పక్క బస్తీలో ప్రపంచంలోకెల్లా ఖరీదైన సరుకు అమ్మినవాళ్లు పొద్దుగూకే వేళకు ఇళ్లు చేరేవారు. పూలు అమ్మే మనకు ఆ భాగ్యం లేదు.

మన మార్కెట్ నుంచి తూర్పుగా వెళ్తే కార్వాన్, ఆ తర్వాత పురానాపూల్. ఇబ్రహీం కుతుబ్ షా 1578లో మూసీ మీద కట్టించిన వంతెన అది. 17వ శతాబ్దం మధ్యలో ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియర్ గోల్కొండ రాజ్యానికి పలుమార్లు వచ్చాడు. వంతెన దాటకముందు కోసెడు పొడవున శివారు బస్తీ ఉందని, వర్తకులు, దళారులు, చేతిపనివాళ్లు అందులోనే ఉంటారని రాశాడు. నగరం లోపల ఉండేది రాజోద్యోగులు, గొప్పింటివాళ్లు. ఇప్పటి కార్వాన్ వైపున్న ఈ బస్తీ వర్తకులు పొద్దున పది, పదకొండు గంటలకు నగరంలోకి వెళ్లి విదేశీ వ్యాపారులతో బేరాలు చేసి, సాయంత్రం నాలుగైదు గంటలకల్లా తిరిగి తమ ఇళ్లకు వచ్చి పడుకునేవారట. గోల్కొండ వజ్రాల పేరు పారిస్ దాకా మోగిన కాలంలో బేరానికి పట్టిన సమయం మహా అయితే ఏడు గంటలు!

అంత సంపదకూ మూల్యం చెల్లించినవాళ్లు వేరే ఉన్నారు. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో ఆడా మగా పిల్లలు కలిపి 60,000 మంది పనిచేసేవారని టావెర్నియర్ లెక్క చెప్పాడు. మరో గనిలో పని బాగా తెలిసిన కూలీకి ఏడాదికి దక్కేది మూడు వరహాలు. ఆ గని ఊళ్లోనే అతను చూసిన ఇంకో దృశ్యం నన్ను వదలదు. పదేళ్ల నుంచి పదహారేళ్ల లోపు వర్తకుల పిల్లలు రోజూ పొద్దున్నే ఊరి కూడలిలో పెద్ద చెట్టు కింద కూర్చునేవారు. ఒక్కొక్కడి నడుముకు ఒక పక్క తూకపు రాళ్ల సంచి, ఇంకో పక్క డబ్బు సంచి. అందులో అయిదారు వందల వరహాల దాకా ఉండేవి. ఎవరైనా రాయి అమ్మకానికి తెస్తే ముందు పెద్ద పిల్లవాడి చేతికిచ్చేవారు. అతను చూసి పక్కవాడికిచ్చేవాడు. ఎవరూ నోరు మెదపకుండా ఆ రాయి చేతులు మారి మళ్లీ పెద్దవాడి దగ్గరికే వచ్చేది. అప్పుడు బేరం. సాయంత్రానికి కొన్నవన్నీ ఒకచోట పోసి, కాంతిని బట్టి, బరువును బట్టి వేరు చేసి పెద్ద వర్తకులకు అమ్మేవారు. లాభం అందరికీ సమంగా పంచి, నాయకుడికి పావు శాతం ఎక్కువ ఇచ్చేవారు. అంత తెలివి, అంత క్రమశిక్షణ ఉన్న పిల్లలు. ఆ ఈడు పిల్లలకు చెట్టు కనిపిస్తే ఎక్కాలనిపించాలి. వాళ్లకు ఆ చెట్టు దుకాణమైంది.

టావెర్నియర్ బతుకు ఇంకో పాఠం. తూర్పు దేశాలకు ఆరుసార్లు వచ్చాడు. ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీకి పెద్ద నీలి వజ్రం అమ్మాడు. 1670లో స్విట్జర్లాండ్‌లోని ఓబోన్ జమీ కొని బారన్ అనిపించుకున్నాడు. 1676లో తన యాత్రల పుస్తకం అచ్చువేయించాడు. కాలు మీద కాలేసుకుని కూర్చుని తినగలిగినవాడు. అయినా ఆ జమీ అమ్ముకుని, ఎనభై దాటాక మళ్లీ తూర్పు దారి పట్టి, 1689లో మాస్కోలో కన్నుమూశాడు. కార్వాన్ వర్తకులు సాయంత్రానికల్లా బేరం కట్టేసి ఇళ్లకు పోతారని రాసింది ఈ మనిషే.

సంపాదనను ఇంకో దారికి మళ్లించినవాడి గుర్తు మన బస్తీలోనే ఉంది. ఝాంసింగ్ బాలాజీ గుడి కట్టించిన ఝాంసింగ్, 1803 నుంచి 1829 దాకా ఏలిన నిజాం సికిందర్ జా కొలువులో అశ్వదళం అధికారి. గుడి దగ్గరే మసీదు కూడా కట్టించాడు. సికిందర్ జా దర్బారులో ఆయన కంటే ధనవంతులు చాలామందే ఉండి ఉంటారు. గుడిమల్కాపూర్ నాలుక మీద నిలిచింది ఆయన పేరే.

మా పూల సంగతికొస్తే, ఇది దాచుకుంటే పెరిగే సరుకు కాదు. చేవెళ్ల, మొయినాబాద్, శంకర్‌పల్లి వైపు నుంచి బంతి, చామంతి మూటలు రాత్రే దిగుతాయి. గులాబీలు బెంగళూరు వైపు నుంచి వస్తాయి. ఎండ ఎక్కినకొద్దీ ధర దిగుతుంది, మధ్యాహ్నానికి మిగిలింది చెత్తకుప్పకే. నాయిన కాలంలో ఈ వ్యాపారానికి పంచాంగమే సెలవులు ఇచ్చేది. మూఢం వస్తే పెళ్లిళ్లు ఉండవు, గిరాకీ తగ్గేది. పుష్యమాసంలో నాయిన ఊరికెళ్లి అక్కచెల్లెళ్ల ఇళ్లలో నాలుగు రోజులు ఉండి వచ్చేవాడు. ఇప్పుడు మూఢంలోనూ పుట్టినరోజులు, షోరూం ప్రారంభాలు, ఫంక్షన్‌హాలు డెకరేషన్లు. అర్ధరాత్రి దాటినా వాట్సాప్‌లో ఆర్డర్లు. పొద్దున మూడింటికి వచ్చినవాడు రాత్రి తొమ్మిదికీ గద్దె దిగడు. బడి నుంచి వచ్చిన పిల్లవాడు పక్కనే కూర్చుని తక్‌పట్టీ చీటీలు రాస్తుంటాడు. వాడిని చూసినప్పుడల్లా నాకు ఆ గని ఊరి పిల్లలే గుర్తొస్తారు.

2025 జూలైలో రాష్ట్ర ప్రభుత్వం వాణిజ్య సంస్థల్లో రోజుకు పది గంటల దాకా పనిచేయించుకోవచ్చంది, వారానికి 48 గంటల హద్దు మాత్రం ఉంచింది. అది దుకాణాలకు వర్తించదు. వర్తించినా, గద్దె మీద కూర్చున్న యజమాని గంటలు లెక్కపెట్టే చట్టం ఏదీ లేదు. ఆ లెక్క మనమే పెట్టుకోవాలి, అదీ అందరం కలిసి. నేనొక్కడినే షట్టర్ దించితే నా గిరాకీ పక్క దుకాణానికి పోతుంది. ఆ భయంతోనే ఎవరూ దించరు. కార్వాన్ వర్తకుల్లో సాయంత్రం ఇంటికి పోయినవాడు నష్టపోలేదంటే, మిగతావాళ్లూ ఇంటికి పోయారు కనుకే. అందుకే తోటి వ్యాపారులను అడుగుతున్నాను: దసరా, దీపావళి, పెద్ద ముహూర్తాలు వదిలేద్దాం. మిగతా రోజుల్లో మధ్యాహ్నం రెండింటికి మార్కెట్ మొత్తం కట్టేద్దాం. బడి ఈడు పిల్లలను గద్దె మీద కూర్చోబెట్టబోమని మాట ఇచ్చుకుందాం. వజ్రాల బేరమే రాత్రి దాకా సాగలేదు. పూల బేరానికి మధ్యాహ్నం చాలు.