వేగులవాడికి ఏ రంగు అంగీ?

మన పాత జానపద సినిమాల్లో వేగులవాణ్ణి పోల్చుకోవడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. నల్ల కంబళి కప్పుకుని, సగం మొహం దాచుకుని, స్తంభం చాటున నిలబడతాడు. హాల్లో నేల టిక్కెట్టు వాడి దగ్గర్నుంచి బాల్కనీ దాకా అందరికీ వాడెవడో తెలుసు, ఎదురుగా సింహాసనం మీద ఉన్న రాజుగారికి తప్ప! నవ్వుకుంటాం కానీ, దానిలో ఒక చిక్కు ప్రశ్న ఉంది. రహస్యంగా తిరగవలసినవాడికి యూనిఫారం ఎందుకు?

ఈ ప్రశ్న నాకు ఈమధ్య మళ్ళీ ఎదురైంది. ఇక్కడ పుట్టి పెరిగిన మన పిల్లలు చాలామంది ఇంగ్లీషులో మాయాలోకాల కథలు, నవలలు రాస్తున్నారు. మిత్రుల అమ్మాయి ఒకతె అలాంటి నవల మొదలుపెట్టింది. అందులో నాలుగు ప్రాంతాల రాజ్యం, ఆ రాజ్యానికి ఒక రహస్య సంస్థ. ఉత్తరం వాళ్ళకు తెలుపు, తూర్పుకు నీలం, దక్షిణానికి ఎరుపు, పడమరకు ఆకుపచ్చ అని దుస్తులు కేటాయించింది. "అంకుల్, చరిత్రలో నిజంగా ఇలా ఎక్కడైనా చేశారా?" అని అడిగింది. చేశారమ్మా, చాలా చోట్ల చేశారు. ఏం జరిగిందో కూడా తెలుసు. ఆ సంగతులే ఇక్కడ నాలుగు మాటల్లో చెబుతాను.

ఒకే ఎరుపు, వేరువేరు కాలర్లు

ఇంగ్లండులో 1645లో ఏర్పడిన 'న్యూ మోడల్ ఆర్మీ'తో ఎర్రకోటు ఆ దేశపు సైన్యానికి గుర్తుగా స్థిరపడింది. కోట్లన్నీ ఎరుపే అయితే ఏ రెజిమెంటు ఏదో తెలిసేదెలా? కాలరుకూ, చేతి మడతలకూ వేరే రంగు బట్ట వేశారు. 1740ల్లో హోవర్డ్ అనే ఇంటిపేరున్న ఇద్దరు కర్నళ్ళ కింద రెండు రెజిమెంట్లు ఉండేవి. మన ఊళ్ళో ఇద్దరు సుబ్బయ్యలుంటే నల్ల సుబ్బయ్య, ఎర్ర సుబ్బయ్య అన్నట్టు, కాలరు రంగును బట్టి ఒకరిని 'గ్రీన్ హోవర్డ్స్' అనీ, రెండోవారిని లేత గోధుమవన్నె పేరుతో 'బఫ్ హోవర్డ్స్' అనీ పిలిచారు. మొదటి పేరు ఆ రెజిమెంటుకు శాశ్వతంగా నిలిచిపోయింది.

1881లో సైనిక సంస్కరణలు వచ్చాయి. ఈ గందరగోళమంతా ఎందుకని ప్రాంతాన్ని బట్టి రంగు నిర్ణయించారు. ఇంగ్లండు, వేల్స్ రెజిమెంట్లకు తెలుపు, స్కాట్లండుకు పసుపు, ఐర్లండుకు ఆకుపచ్చ, రాజ బిరుదున్న రెజిమెంట్లకు నీలం. కాగితం మీద చూస్తే చక్కని ఏర్పాటే, మా అమ్మాయి నవలలో ఉన్నట్టే. కానీ తాతల కాలం నుంచి వచ్చిన రంగును ఒక్క ఉత్తర్వుతో తీసేస్తే ఎవరూరుకుంటారు? రంగే పేరుగా ఉన్న 'బఫ్స్' రెజిమెంటు 1890కల్లా తన పాత రంగును తిరిగి తెచ్చుకుంది. తర్వాత మరికొన్ని అదే దారి పట్టాయి. రంగును పై అధికారి ఇవ్వగలడు కానీ, దానికి విలువ తెచ్చేది తొడుక్కున్నవాడే.

మనాసస్‌లో జరిగిన పొరపాటు

వాషింగ్టన్ చుట్టుపక్కల ఉండే మనవాళ్ళకు వర్జీనియాలోని మనాసస్ తెలిసిన ఊరే. అమెరికా అంతర్యుద్ధంలో మొదటి పెద్ద పోరు 1861 జూలై 21న అక్కడ జరిగింది. ఉత్తరం వాళ్ళు నీలం, దక్షిణం వాళ్ళు బూడిదరంగు అని మనం చదువుకున్నది తర్వాత కుదిరిన ఏర్పాటు. ఆ రోజున ఏ రాష్ట్రపు దళం ఆ రాష్ట్రానికి నచ్చిన దుస్తుల్లో వచ్చింది. ఉత్తరం వైపు బూడిదరంగు వాళ్ళూ ఉన్నారు, దక్షిణం వైపు నీలం వాళ్ళూ ఉన్నారు. దక్షిణం పక్షాన ఉన్న 33వ వర్జీనియా దళం నీలం దుస్తుల్లో ముందుకు వస్తుంటే, ఉత్తరం వాళ్ళు తమవాళ్ళే అనుకుని ఫిరంగులు పేల్చకుండా ఆగారు. దగ్గరికి వచ్చి ఆ దళం కాల్పులు జరిపింది, ఫిరంగులు చేజారాయి. ప్రాంతానికో రంగు అన్న ముచ్చట అక్కడ ప్రాణాలు తీసింది.

రంగుకూ ఒక ఊరుంది

కథ రాసేవాళ్ళు సాధారణంగా మరిచిపోయే సంగతి ఒకటుంది. రంగు ఊరికే రాదు. ఎక్కడో పండాలి, ఎవరో ఉడకబెట్టాలి, ఎవరో కొనాలి. మన తీరాంధ్రలో కలంకారీ అద్దకానికి ఎరుపు చిరివేరు నుంచి వచ్చేది, నీలం నీలిమందు నుంచి వచ్చేది. బ్రిటిషు సైన్యంలో మామూలు సిపాయి కోటుకు చవకైన మాడర్ వేరు ఎరుపు, అధికారి కోటుకు కొచినీల్ పురుగు నుంచి తీసిన ఖరీదైన ఎరుపు. దూరం నుంచి రెండూ ఎరుపే, దగ్గరికొస్తే హోదా తెలుస్తుంది.

ఫ్రెంచివాళ్ళ ఎర్ర ప్యాంట్ల కథ ఇంకా వింత. తమ దేశంలో మాడర్ పండించే రైతులకు అది పెద్ద ఆసరాగా ఉండేది. 1868లో జర్మన్ రసాయన శాస్త్రవేత్తలు గ్రేబె, లీబర్మన్ అదే రంగును ప్రయోగశాలలో తయారుచేశాక మాడర్ సాగు దెబ్బతింది. 1914లో ఫ్రెంచి సిపాయి జర్మనీ మీదికి ఎర్ర ప్యాంటుతోనే వెళ్ళాడు. శత్రువు గురికి అది చక్కగా ఆనింది. 1915లో ఆకాశం అంచుల్లో కనిపించే లేత నీలానికి మారారు.

తిలంగా అంటే ఎవరు?

ఇప్పుడు మన సంగతికి వస్తాను. 1756 అక్టోబరులో క్లైవు మద్రాసు నుంచి బెంగాలుకు ఓడల్లో బయలుదేరినప్పుడు అతని వెంట సుమారు 1500 మంది దేశీయ సిపాయిలున్నారు. కోరమాండల్ తీరంలో కంపెనీ చేర్చుకుని తర్ఫీదు ఇచ్చినవాళ్ళు. మరుసటి ఏడు ప్లాసీ యుద్ధం జరిగింది. బెంగాలులో అదే 1757లో క్లైవు స్థానికంగా చేర్చిన మొదటి పటాలానికి ఎర్రకోట్లు తొడిగించాడు. దానికి 'లాల్ పల్టన్' అని పేరొచ్చింది.

బెంగాలు జనం దృష్టిలో మద్రాసు వైపంతా తెలింగ దేశమే. అందుకని విదేశీ కవాతు నేర్చి, ఆ తరహా దుస్తులు వేసుకున్న దేశీయ సిపాయిని 'తిలంగా' అన్నారు. క్రమంగా తెలుగు మాట ఒక్కటీ రానివాడు కూడా ఆ కోటు వేసుకుంటే తిలంగాయే అయ్యాడు. 1857లో ఢిల్లీలో తిరుగుబాటు చేసిన సిపాయిలలో ఎక్కువమంది అవధ్, బీహారు ప్రాంతాలవాళ్ళు. అప్పటి ఉర్దూ రాతల్లో వాళ్ళూ తిలంగాలే! ఒక జాతి పేరు ఒక అంగీ పేరైపోయింది. మన పేరు గంగాతీరం దాకా వ్యాపించిందని సంతోషించాలా, ఆ పేరులో మనం మిగలలేదని విచారించాలా? నాకైతే రెండూ కలుగుతాయి.

ఆ దుస్తుల వెనక మరో కథ వెల్లూరులో ఉంది. 1805 చివర్లో మద్రాసు సైన్యంలో కొత్త నియమాలు వచ్చాయి. నుదుటి బొట్టూ, చెవి పోగులూ తీసేయాలి, గడ్డాలు గీయించుకోవాలి, టోపీని పోలిన కొత్త తలపాగా పెట్టుకోవాలి. తొడుక్కునేవాళ్ళను ఒక్క మాట అడిగినవాళ్ళు లేరు. 1806 జూలై 10 తెల్లవారకముందే వెల్లూరు కోటలో సిపాయిలు తిరగబడ్డారు. అదే రోజు దాన్ని దారుణంగా అణిచేశారు. కోటలో ఉన్న టిప్పు కుమారుల ప్రమేయం వంటి ఇతర కారణాలూ చెబుతారు కానీ, నిప్పు రాజేసింది ఆ తలపాగాయే. తర్వాత ఆ నియమాలను ఉపసంహరించుకున్నారు. గవర్నరు బెంటింక్‌నూ, సేనాపతి క్రెడాక్‌నూ లండను వెనక్కి పిలిపించింది.

దుమ్ము రంగు

రహస్య సంస్థకు దగ్గరగా వచ్చే నిజమైన దళం ఒకటి చెప్పమంటే 1846లో పెషావరులో హ్యారీ లమ్స్‌డెన్ కూర్చిన 'గైడ్స్' దళాన్ని చెబుతాను. పోరాడటంతో పాటు దారులు చూపడం, సమాచారం సేకరించడం వాళ్ళ పని. అందుకే సరిహద్దు ప్రాంతాల వేరువేరు తెగలవాళ్ళను, వేరువేరు భాషలు తెలిసినవాళ్ళను ఏరి చేర్చుకున్నారు. వాళ్ళకు తెగకో రంగు ఇవ్వలేదు. అందరికీ ఒకటే మట్టిరంగు. పారశీకంలో 'ఖాక్' అంటే దుమ్ము, అదే మన ఖాకీ. బోయర్ యుద్ధం (1899–1902) నాటికి బ్రిటిషు సైన్యం కూడా యుద్ధభూమిలో ఎరుపు వదిలి ఖాకీలోకి వచ్చింది. ఎక్కడో సరిహద్దు కొండల్లో దాక్కోవడానికి పుట్టిన రంగు, మన ఊళ్ళో పోలీసు రంగై, దూరం నుంచే జనాన్ని జాగ్రత్తపడేలా చేయడం చరిత్ర చమత్కారం.

గుర్తు లేకపోవడమే గుర్తు

మన పెద్దలు ఈ విషయం ఎప్పుడో ఆలోచించారు. 1905లో మైసూరులో శామశాస్త్రిగారి దృష్టికి వచ్చి 1909లో అచ్చయిన కౌటిల్యుని అర్థశాస్త్రంలో వేగులవాళ్ళు విద్యార్థిగా, రైతుగా, వర్తకుడిగా, తాపసిగా, భిక్షుకిగా తిరుగుతారు. వేషమే వాళ్ళ యూనిఫారం. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో రాజనీతి చెబుతూ, వేగులవాడికి బహుభాషలు రావాలంటాడు, పోల్చుకునే చిహ్నం ఉండకూడదంటాడు. 1907 నాటి హేగ్ నిబంధనలు ఇదే విషయాన్ని మరో వైపు నుంచి చెప్పాయి. శత్రు భూభాగంలోకి సొంత యూనిఫారంతో చొరబడిన సైనికుడు గూఢచారి కాడు, వేషం మార్చి వెళ్ళినవాడు గూఢచారి. అంటే ఒంటి మీది బట్టే యుద్ధఖైదీగా బతకడానికీ, గూఢచారిగా విచారణకు నిలబడటానికీ తేడా.

కాబట్టి మాయాలోకాల కథలు రాసే మన పిల్లలకు నా సలహా ఇది. మీ రహస్య సంస్థకు ప్రాంతపు రంగులు తప్పక పెట్టండి, కానీ పైకి కనిపించకుండా. బయట అందరికీ ఒకటే దుమ్ము రంగు, లోపలి లైనింగులో ఎవరి ప్రాంతపు రంగు వారికి. ఆ రంగు ఏ చెట్టు వేరు నుంచి వచ్చిందో, అద్దినవాళ్ళెవరో, దానికి డబ్బు ఎవరు పెట్టారో ఒక పేజీ రాయండి. ఆ రంగును నిర్ణయించినవాళ్ళు తొడుక్కునేవాళ్ళను అడిగారో లేదో రాయండి. అడగకపోతే అక్కడే మీకు మంచి కథ దొరుకుతుంది.

ఇంకొక్కటి. బెంగాలు తీరంలో దిగిన ఆ మొదటి తిలంగాలకు ఊళ్ళున్నాయి, ఇంటిపేర్లున్నాయి, వదిలివచ్చిన తల్లిదండ్రులున్నారు. చూసినవాళ్ళకు కోటే కనిపించింది, చరిత్రలోకి కోటే ఎక్కింది. మీ కథలో ప్రతి అంగీ లోపలా ఒక మనిషిని పెట్టండి. అతనికి ఒక ఊరూ, ఒక భాషా ఇవ్వండి.