స్టూడెంట్స్ సీ టర్టిల్ కన్సర్వేషన్ నెట్‌వర్క్

చెన్నై తీరంలో గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లీ తాబేళ్లను కాపాడేందుకు 1988లో విద్యార్థులు ఏర్పాటు చేసుకున్న స్వచ్ఛంద బృందం స్టూడెంట్స్ సీ టర్టిల్ కన్సర్వేషన్ నెట్‌వర్క్. ఏటా గుడ్లు పెట్టే కాలంలో దీని సభ్యులు రాత్రిపూట నీలాంగరై, బెసెంట్ నగర్‌ల మధ్య తీరం వెంట నడుస్తారు. తాబేళ్ల గూళ్లను వెతికి, గుడ్లను పిల్లలయ్యే దాకా భద్రంగా ఉంచే హేచరీకి చేరుస్తారు. పిల్లలు పుట్టాక వాటిని సముద్రంలోకి వదులుతారు. వారాంతాల్లో బడిపిల్లలు, తల్లిదండ్రులు కూడా ఈ నడకలో పాల్గొంటారు. పిల్లలకు సముద్ర జీవుల సంరక్షణ నేర్పే కార్యక్రమాల్లో దేశంలో చాలాకాలంగా నడుస్తున్న వాటిలో ఇదొకటి.

చరిత్ర

మద్రాసులో తాబేళ్ల నడకలు 1970వ దశకం తొలి సంవత్సరాల్లో మొదలయ్యాయి. స్నేక్ పార్క్ స్థాపకుడు రోములస్ విటేకర్, సముద్ర తాబేళ్ల పరిశోధకుడు సతీష్ భాస్కర్ వంటి వారు వీటికి ఆద్యులు. అప్పట్లో గుడ్లను మనుషులు తవ్వుకుపోయేవారు, మిగిలినవి కుక్కల పాలయ్యేవి. 1980వ దశకంలో రాష్ట్ర అటవీ శాఖ కొన్నేళ్లపాటు హేచరీలు నడిపింది. ఆ పని ఆగిపోయాక విద్యార్థులు ముందుకు వచ్చి ఈ బృందాన్ని నెలకొల్పారు. సముద్ర తాబేళ్లకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో రక్షణ ఉంది. అందువల్ల అనుమతి లేకుండా గుడ్లను తీయడం నేరం. బృందం అటవీ శాఖ అనుమతితోనే పనిచేస్తుంది.

పని విధానం

చెన్నైలో ఆడ తాబేళ్లు ఎక్కువగా జనవరి నుంచి మార్చి వరకు ఒడ్డుకు వస్తాయి. ఒడ్డెక్కిన తాబేలు తెడ్ల వంటి కాళ్లతో ఇసుకలో జాడ వదులుతుంది. ఆ జాడ ముగిసే చోట ఇసుక చెదిరి ఉంటుంది. అక్కడ సన్నని కర్రతో మెల్లగా గుచ్చి చూసి, ఇసుక వదులుగా తగిలిన చోట చేత్తో తవ్వుతారు. సుమారు ఒకటిన్నర అడుగుల లోతున్న గూటిలో వంద నుంచి నూట ఇరవై దాకా గుడ్లుంటాయి. గుడ్డు పెట్టిన కొన్ని గంటల్లోనే దాన్ని తరలించాలి. ఆలస్యమైతే లోపలి పిండం పెంకుకు అతుక్కుంటుంది, అప్పుడు కుదిపితే చనిపోతుంది. హేచరీలో అదే లోతున, అదే ఆకారంలో గుంత తీసి పూడుస్తారు. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు బయటికి వస్తాయి.

పిల్లలు నేర్చుకునేది

నడక మొదలయ్యే ముందు తాబేలు జీవితచక్రం గురించి, పాటించాల్సిన నియమాల గురించి చెబుతారు. టార్చి వెయ్యకూడదు, ఫ్లాష్‌తో ఫొటోలు తియ్యకూడదు, గుడ్లు పెడుతున్న తాబేలు ముందుకు వెళ్లకూడదు. ఈ నియమాల వెనుక శాస్త్ర విషయాలు ఉన్నాయి. తాబేలు పిల్లలు వెలుతురు ఎటు ఎక్కువుంటే అటు పాకుతాయి. సహజంగా రాత్రిపూట సముద్రం వైపే వెలుతురు ఎక్కువ. వీధి దీపాలు, హోటళ్ల దీపాలు ఉన్నచోట అవి దారి తప్పి రోడ్డెక్కుతాయి. వేడికీ పాత్ర ఉంది: గూటిలో వేడి పెరిగితే ఆడ పిల్లలు, తగ్గితే మగ పిల్లలు ఎక్కువగా పుడతాయి. తీరంలోని దీపమూ, భూతాపమూ తాబేలు బతుకును ఎలా మారుస్తాయో పుస్తకం కన్నా ఇసుక మీదే పిల్లలకు త్వరగా అర్థమవుతుంది. ఒక్కోసారి రాత్రంతా నడిచినా ఒక్క గూడూ దొరకదు. ఓపికా ఈ చదువులో భాగమే.

పరిమితులు

హేచరీ చివరి మార్గమే అని శాస్త్రవేత్తల అభిప్రాయం. గూడు భద్రంగా ఉన్నచోట దాన్ని కదపకపోవడమే మేలు. పుట్టిన పిల్లల్ని జనం చూడటం కోసం తొట్లలో ఉంచితే, ఈదడానికి దాచుకున్న శక్తి అక్కడే ఖర్చవుతుంది. అన్నిటికన్నా పెద్ద ముప్పు సముద్రంలో ఉంది. ట్రాలర్ల వలల్లో చిక్కిన తాబేలు ఊపిరి కోసం పైకి రాలేక చనిపోతుంది. 2025 జనవరిలో చెన్నై తీరానికి వందల కొద్దీ తాబేళ్ల కళేబరాలు కొట్టుకొచ్చాయి. తాబేలు తప్పించుకునే ద్వారం ఉన్న వలలు ఉన్నప్పటికీ వాటి వాడకం తక్కువ. ఒక తల్లి తాబేలు చనిపోతే, అది ఇంకా పెట్టాల్సిన గుడ్లన్నీ పోయినట్టే. హేచరీ ఆ నష్టాన్ని పూడ్చలేదు.

ఆంధ్ర తీరం

శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా ఆంధ్ర తీరంలోనూ ఆలివ్ రిడ్లీలు గుడ్లు పెడతాయి. విశాఖపట్నం వంటి చోట్ల అటవీ శాఖ, స్వచ్ఛంద సంస్థలు హేచరీలు నడుపుతున్నాయి. తాబేలు పిల్లల్ని వదిలేటప్పుడు విద్యార్థులు వచ్చి చూస్తుంటారు. చెన్నై, ఆంధ్ర తీరాలు రెండూ ఉన్న తూర్పు తీరంలో మరపడవల వేట నిషేధం ఏప్రిల్ 15న మొదలై 61 రోజులు సాగుతుంది. చెన్నైలో గుడ్లు పెట్టే కాలం అప్పటికి చాలావరకు ముగిసిపోతుంది. కాబట్టి ఒడ్డున విద్యార్థులు కాపాడిన గుడ్లకు ఫలితం దక్కాలంటే, జనవరి నుంచే తీరానికి దగ్గరి జలాల్లో ట్రాలర్లపై నిఘా కూడా ఉండాలి.